పూల కప్పులు దించినప్పుడల్లా

ఆ శుభవార్త వచ్చేసరికి గువ్వ తల్లి నోటినిండా గుండుసూదులున్నాయి.

ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తోంది. అంచు మడవడం, పళ్ళ మధ్య నుంచి ఒక సూది తీయడం, గుచ్చడం. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీదికి వాలిన పొద్దుటి ఎండ, ఆ ఎండలో మెరిసే దారపుండల డబ్బా. ఇంట్లోవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక దొరికే ఈ కాస్త వేళంటే ఆమెకి ప్రాణం. బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి గ్లాసులో పడిపోయేలోగా నోట్లో వేసుకోగలిగితే ఇక ఆ రోజంతా బాగుంటుందని ఆమె నమ్మకం. ఆ రోజు బిస్కెట్టు విరగలేదు.

ఫోను మోగింది. గువ్వ బడి నుంచి. అది మామూలు బడి కాదు, గువ్వలాంటి పిల్లల కోసం పెట్టిన బడి. ఆ వేళప్పుడు అక్కణ్ణుంచి ఫోను వచ్చిందంటే గువ్వ ఎవరినో కొరికి ఉండాలి, లేకపోతే చెవులు మూసుకుని బల్ల కింద దూరి రానని భీష్మించి ఉండాలి. తల్లి సూదులు తీయడం కూడా మరిచిపోయి "ఊఁ" అంది.

"కంగారు పడకండమ్మా, మంచి మాటే," అంది టీచరు. "ఇవాళ గువ్వ మూడు కార్డులు కలిపింది. తనంతట తనే. నేను చెయ్యి కూడా పట్టుకోలేదు."

తల్లి సూదులన్నీ అరచేతిలోకి ఊసేసి మళ్ళీ చెప్పమంది. టీచరు మళ్ళీ చెప్పింది. ఇంకోసారి చెప్పమని అడగడానికి మొహమాటపడి ఊరుకుంది కానీ, వినాలనే ఉంది.

గువ్వకి ఎనిమిదేళ్ళు. మాటలు లేవు. గొంతులో ఎప్పుడూ ఒక కూనిరాగం తిరుగుతూ ఉంటుంది, అందుకే ఆ ముద్దుపేరు. బడివాళ్ళు చెప్పారని, కాలేజీలో చదువుకుంటున్న గువ్వ అక్క ఇంట్లో వస్తువులన్నిటినీ ఫోనులో ఫోటోలు తీసి, అగ్గిపెట్టెంత కార్డులు రెండేసి చేయించింది. తల్లి వాటి వెనక వెల్‌క్రో ముక్కలు అంటించి, ఇంటికొకటి, బడికొకటి పొడుగాటి పట్టీలు కుట్టింది. ఏం కావాలన్నా గువ్వ ఆ కార్డు తెచ్చి పట్టీకి అంటించాలి. నీళ్ళు అనడానికి చాలా కాలం పట్టింది. అమ్మ, నీళ్ళు అని రెండు కలిపిననాడు తల్లి గ్లాసు మీద గ్లాసు తాగించి, రాత్రి పక్కబట్టలు మార్చాల్సి వచ్చింది. మూడు కలిపితే అది వాక్యం అని టీచరు ఎప్పటి నుంచో ఊరిస్తోంది.

ఏమేం కలిపిందని తల్లి అడిగింది.

ఆ రోజు బడి చూడటానికి ఎవరో పెద్దవాళ్ళు వచ్చారట. వాళ్ళ కోసం ఆయా ట్రేలో టీ కప్పులు పట్టుకుని వెళుతుంటే గువ్వ చూసిందట. చూసి, పరుగున తన పట్టీ దగ్గరికి వెళ్ళి పూల కప్పుల కార్డు అంటించింది. దాని పక్కన బూట్ల కార్డు. దాని పక్కన నాన్న వ్యాను. అంతటితో ఆగక అరలోంచి తన బూట్లు తెచ్చుకుని తరగతి గుమ్మం దగ్గర నిలబడిందట.

"ఎవరింటికో టీకి వెళతారు కదమ్మా మీరు, వ్యానులో?" టీచరు నవ్వుతోంది. "అమ్మమ్మ ఇంటికా?"

"అవునండీ, అమ్మమ్మ ఇంటికే," అనేసింది తల్లి.

అమ్మమ్మ ఉండేది రాత్రంతా బస్సులో కూర్చుంటే తెల్లవారి చేరే ఊళ్ళో. అక్కడికి వ్యానులో ఎన్నడూ వెళ్ళింది లేదు. మరి ఆ మాట నోట్లోంచి ఎందుకు ఊడిపడిందో ఆమెకి అప్పుడు తట్టలేదు. సంతోషంలో ఏదో ఒకటి అన్నాననుకుంది.

వెంటనే భర్తకి ఫోను చేసింది. ఆయన వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. ఎక్కువ పొద్దు ఏదో ఒక మెషీను కడుపులో తల దూర్చే ఉంటాడు కాబట్టి ఆయన గొంతు ఎప్పుడూ బిందెలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. సంగతి విని, బిందెలోంచి బయటికొచ్చి, ఎవరింట్లో ఉన్నాడో ఆ ఇంటావిడకి చెప్పేశాడు. మా చిన్నది మూడు మాటలు మాట్లాడిందండీ అని. ఆ ముక్క విని తల్లి కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఆయన ఏం మాటలని అడిగాడు. చెప్పింది. కప్పులు, బూట్లు, వ్యాను.

అవతల మెషీనులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"సరే, వచ్చాక మాట్లాడుకుందాం," అన్నాడు. ఆ గొంతులో ఇందాకటి సంబరం లేదు.

ఈయనకి ఏ సంతోషమూ నిలవదు అనుకుంటూ తల్లి పనిలో పడింది. ఆ సాయంత్రం ఇంటికి చుట్టాలు వస్తున్నారు. వాళ్ళూ పరాయివాళ్ళేమీ కాదు. మరిది, కొత్తగా పెళ్ళి చేసుకున్న తన భార్యని మొదటిసారి తీసుకొస్తున్నాడు. కొత్త తోటికోడలు వస్తోందంటే ఇల్లు ఇల్లులా ఉండాలి. దుకాణం గుడ్డలన్నీ మూటకట్టి మంచం కిందికి తోసింది. బల్ల మీద ఉతికిన గుడ్డ పరిచింది. వంటగదిలో స్టూలు వేసుకుని పై అరలోంచి పూల కప్పులు దించడం మొదలుపెట్టింది.

అవి ఆమె పెళ్ళికి వచ్చిన కప్పులు. తెల్లటి పింగాణీ మీద సన్నని నీలం పూలు. ఇంట్లోవాళ్ళు స్టీలు గ్లాసుల్లో తాగుతారు. ఈ కప్పులు కిందికి వచ్చేది మనుషులు వచ్చినప్పుడే. ఫోటోలు తీసే రోజున పెద్ద కూతురు, అందంగా ఉన్నాయని వీటినే తీసి కార్డు చేయించింది. టీ కార్డుగా పనికొస్తుందంది.

మూడో కప్పు చేతిలోకి తీసుకుని, స్టూలు మీద నిలబడే, తల్లి ఆగిపోయింది.

కప్పులు. బూట్లు. వ్యాను.

దాన్ని వాళ్ళు రౌండు అంటారు. ఎవరైనా వచ్చే వేళకి తండ్రి వాషింగ్ మెషీన్ల వ్యాను తీస్తాడు, గువ్వని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని వీధులన్నీ తిప్పుతాడు. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారని తల్లి ఫోను చేశాక తిరిగి వస్తారు. గువ్వకి వ్యానంటే ఇష్టం కదా, దానికీ సరదాగా ఉంటుంది కదా అని మొదట్లో చెప్పుకున్నారు. తర్వాత చెప్పుకోవడం కూడా మానేశారు. అలవాటైపోయింది. ఎవరైనా గువ్వ ఏదని అడిగితే, వాళ్ళ నాన్నతో షికారుకెళ్ళిందండీ, ఆయన లేకపోతే దానికి తోచదు అని తల్లి నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు కూడా ఎంతగా అలవాటైందంటే, అబద్ధం చెబుతున్నట్టే ఉండదు.

మొదలైంది ఒక్క బిస్కెట్టుతో. ఎవరో దూరపు బంధువు వచ్చింది. గువ్వ ఆవిడ పళ్ళెంలోంచి బిస్కెట్టు తీసుకుని, వాసన చూసి, మళ్ళీ పళ్ళెంలోనే పెట్టింది. ఏది చేతికొచ్చినా వాసన చూడటం గువ్వ తీరు. కుట్టిన బట్టల్నీ చూస్తుంది, అమ్మ జుట్టునీ చూస్తుంది. ఆవిడ పళ్ళెం రెండు వేళ్ళతో పక్కకి జరిపింది, అంతే. టీ కూడా అలాగే వదిలేసి వెళ్ళింది. ఆ జరిగిన పళ్ళెం తల్లి కళ్ళ ముందు నుంచి జరగలేదు. తర్వాత ఎవరో వస్తామన్నప్పుడు, కాస్త దాన్ని అలా తిప్పుకు రారాదూ అని భర్తని అడిగింది తనే.

తాము ఎవరికీ తెలియకుండా చేస్తున్నామనుకున్నారు. మాటలు రాని పిల్లకి ఏం తెలుస్తుందనుకున్నారు. ఆ పిల్ల తెలుసుకుంది. బతుకులో మొట్టమొదటి వాక్యంగా దాన్నే చెప్పింది. కప్పులు వచ్చాయి, బూట్లు వేసుకోవాలి, వెళ్ళిపోవాలి.

బడిలో ఎవరో తెలియనివాళ్ళు టీ తాగడానికొస్తే, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

తల్లి స్టూలు దిగి నేల మీద కూర్చుంది. ముఖం వేడెక్కిపోయింది. గదిలో ఎవరూ లేకపోయినా చీర చెంగుతో ముఖం కప్పుకుంది. కాసేపటికి లేచి ఆమె చేసిన పని, తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెనే సిగ్గుపడేలా చేసింది. దించిన మూడు కప్పులూ మళ్ళీ పైన పెట్టేసింది. వాటి మీద ఒక పాత తువ్వాలు కప్పింది. స్టీలు గ్లాసులు తోమి బోర్లించింది. కప్పులు కనబడకపోతే గువ్వకి ఏమీ గుర్తురాదు, ఊరికే వ్యానులో వెళ్ళినట్టు వెళ్ళి వస్తుంది అని తనకి తను సర్దిచెప్పుకుంది.

మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చిన పెద్దది ఆ గ్లాసుల వంక చూసి, కొత్త పిన్నికి గ్లాసుల్లోనా అని ఆశ్చర్యపోయింది. తల్లి నీళ్ళు నమిలింది. పెద్దది వదలలేదు. చివరికి సంగతంతా బయటికొచ్చింది.

పెద్దది మొదట ఎగిరి గంతేసింది. మూడు కార్డులు కలిపిందా అని. ఏ మూడో విన్నాక అక్కడే కూర్చుండిపోయింది. ఈలోగా తండ్రి గువ్వని బడి నుంచి తీసుకొచ్చాడు. గువ్వ కూనిరాగం తీసుకుంటూ తిన్నగా కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి, చక్రం తిప్పుకుంటూ కూర్చుంది. తండ్రి తాళాల గుత్తి గోడకి తగిలించలేదు. చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"ఎన్నింటికి వస్తామన్నారు?" అన్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

"ఇవాళ కూడానా నాన్నా?" అంది పెద్దది.

తల్లి అందుకుంది. కొత్త పెళ్ళికూతురు మొదటిసారి వస్తోంది, ఏమనుకుంటుందో, మనకి తెలియని మనిషి, ఈ ఒక్కసారికి పోనిద్దాం, రేపటి నుంచి చూద్దాం అంది. కప్పులు కూడా దించలేదు కాబట్టి దాని మనసు నొచ్చుకోదంది.

"కప్పులు దాచేస్తే దానికి తెలీదనుకున్నావా?" అంది పెద్దది. "నువ్వు ఇస్త్రీ చీర కట్టుకుంటావు. మంచం కిందికి గుడ్డలు తోస్తావు. నీ గొంతు మారిపోతుందమ్మా, ఫోనులో పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు. నాకు తెలిసినవన్నీ దానికి తెలీవా? పైన తువ్వాలు కప్పితే అయిపోతుందా?"

"నీకేం, చెబుతావు. పదిమందిలో అది అరిస్తే అందరూ చూసేది తల్లి వంకే."

"తెలుసు. నాకూ తెలుసు." పెద్దది తల దించుకుంది. "నా ఫ్రెండ్స్ వచ్చిన రోజు నాన్నని నేనే అడిగాను, రౌండుకి తీసుకెళ్ళమని. నీకు చెప్పొద్దన్నాను. నిన్ను అనడానికి నాకు నోరెక్కడుంది? కానీ అమ్మా, ఆ కార్డు కోసం కప్పుల ఫోటో తీసింది నేను. నా చేత్తో తీశాను. దాంతో అది ఈ మాట చెప్పింది."

గువ్వ మిషను చక్రం తిప్పుతూనే ఉంది. తండ్రి తాళాలు జేబులో వేసుకున్నాడు, తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు.

ఆ తేలని తగువు మధ్యలోనే గంట మోగింది. మరిది చెప్పిన వేళకంటే ముందే వచ్చేశాడు. గుమ్మంలోనే నవ్వుతూ, నేనేం చేసేది వదినా, ఈవిడ పొద్దుటి నుంచి చెప్పులేసుకుని కూర్చుంది అన్నాడు. వెనకనుంచి కొత్త తోటికోడలు తొంగి చూసింది. ఆ పిల్ల చెప్పుల దుకాణంలో పనిచేస్తుంది. పెళ్ళయిన కొత్త కాబట్టి కావచ్చు, అసలు గుణమే అంత కావచ్చు, చూసిన ప్రతిదానికీ మురిసిపోతోంది. కుట్టుమిషను చూసి మురిసింది. దారపుండల రంగులు చూసి మురిసింది. బల్ల మీది గుడ్డ అంచుకి తల్లి కుట్టిన కుట్టు వేలితో తడిమి, నాకూ నేర్పాలక్కా అంది.

గువ్వని పంపే వ్యవధి లేకపోయింది. తల్లి వంటగదిలోకి పారిపోయినట్టు వెళ్ళి గ్లాసుల్లో టీ పోసింది. ట్రే పట్టుకుని వచ్చేసరికి గువ్వ మిషను దగ్గర లేదు. గోడకి వేలాడే తన పట్టీ ముందు నిలబడి ఉంది. పూల కప్పుల కార్డు అంటించి ఉంది. గువ్వ ట్రే వంక చూసింది. గ్లాసుల వంక చూసింది. మళ్ళీ కార్డు వంక చూసింది. కూనిరాగం ఆగిపోయింది.

మనుషులు వచ్చారు. కప్పులు రాలేదు. ఎక్కడో తప్పు జరిగింది.

గువ్వ మునివేళ్ళ మీద నడుచుకుంటూ వంటగదిలోకి వెళ్ళింది. స్టూలు నేల మీద ఈడ్చిన చప్పుడు వినిపించింది. తండ్రి పరుగున వెళ్ళాడు. గువ్వ స్టూలెక్కి పై అర కేసి చెయ్యి చాపి, తువ్వాలు లాగడానికి చూస్తోంది. పడిపోతుందేమోనన్న భయంతో ఆయనే చెయ్యి పెట్టి తువ్వాలు తీసేశాడు. నీలం పూల కప్పులు కనబడగానే గువ్వ ఒళ్ళు సడలింది. ఒక కప్పు దించి చేతికిస్తే దాని అంచు వాసన చూసి, జాగ్రత్తగా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఇప్పుడు అంతా సరిగ్గా ఉంది. వెళ్ళి బూట్లు తెచ్చుకుంది. వీధి గుమ్మం దగ్గర కూర్చుని, కాళ్ళు ముందుకి చాపి, వాళ్ళ నాన్న వంక చూసింది.

కొత్త తోటికోడలికి ఇదంతా బోధపడలేదు. ఆ పిల్లకి కనబడింది బూట్లు. చెప్పుల దుకాణంలో రోజంతా పిల్లల కాళ్ళ ముందు కూర్చునే మనిషి కదా. టీ కూడా అందుకోకుండా, గుమ్మం దగ్గరికి వెళ్ళి, గువ్వ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎక్కడికి తల్లీ ప్రయాణం? ఏ కాలు ముందు వేద్దాం?" అని, గువ్వ కుడికాలు మెల్లగా తన ఒళ్ళోకి తీసుకుంది. చర్రుమని వెల్‌క్రో ఊడదీసింది. గువ్వకి ఆ చప్పుడంటే మహా ఇష్టం. కిలకిలమంది. కొత్త తోటికోడలూ నవ్వి, ఇంకోసారి చర్రుమనిపించింది. బూటు నాలుక సర్ది, మడమ అందులోకి దింపింది.

తల్లి ట్రే పట్టుకుని చూస్తోంది. ఇంటికి వచ్చిన మనిషి, ఎవరికి కనబడకూడదని తన కూతుర్ని పంపేస్తోందో ఆ మనిషే, నేల మీద కూర్చుని ఆ కూతురికి వెళ్ళడానికి బూట్లు తొడుగుతోంది. ప్రేమగా తొడుగుతోంది.

"వద్దు," అంది తల్లి. "తొడగకమ్మా."

ఆ పిల్ల తలెత్తి చూసింది. "బిగుతుగా ఉందా అక్కా?"

మరిది నేల చూపులు చూస్తున్నాడు. షికారుకెళుతోందమ్మా, వాళ్ళ నాన్న లేకపోతే తోచదు అనే మాట తల్లి నాలుక చివరి దాకా వచ్చింది. ఎన్నిసార్లో చెప్పిన మాట, నవ్వుతో సహా సిద్ధంగా ఉంది. గువ్వ ఒక కాలికి బూటుతో, రెండో కాలు ముందుకి చాపి ఓపిగ్గా ఎదురుచూస్తోంది.

"మీరు వచ్చారని వెళ్ళిపోతోంది," అంది తల్లి. "ఎవరొచ్చినా వెళ్ళిపోవాలని దానికి నేర్పాం. నేనే నేర్పాను. నలుగురిలో ఏం చేస్తుందోనని సిగ్గుపడి, ఎవరికీ కనబడకుండా పంపేస్తున్నాను. మీ పెళ్ళికి దానికి జ్వరమని చెప్పిందీ అబద్ధమే. జ్వరం లేదు. పక్కింటివాళ్ళ దగ్గర వదిలి వచ్చాం."

పెద్దది వచ్చి తల్లి చేతుల్లోంచి ట్రే తీసుకుంది.

కొత్త తోటికోడలు భర్త వంక తిరిగింది. పెళ్ళి ముందు ఆ పిల్ల అందరి కాళ్ళ కొలతలూ అడిగిందట, ఇంటిల్లిపాదికీ చెప్పులు తేవాలని. చిన్నదాని కొలత మాత్రం ఈయన ఎన్నిసార్లడిగినా దాటవేశాడట. మరిది చెవులు ఎర్రబడ్డాయి. చెబితే ఇంకేం అడుగుతావోనని భయపడ్డాను అని గొణిగాడు.

గువ్వకి ఈ మాటలతో పని లేదు. రెండో బూటు రాలేదు. నాన్న తాళాలు తీయలేదు. తలుపు తెరవలేదు. కప్పులు వచ్చాక జరగవలసింది జరగడం లేదు. గొంతులో రాగం సన్నగా మొదలై, పెరిగి, అరుపైంది. చెవులు రెండు చేతులతో నొక్కుకుని ముందుకీ వెనక్కీ ఊగుతూ, మడమతో తలుపుని తన్నసాగింది. ఇన్నాళ్ళూ ఏం జరుగుతుందని తల్లి భయపడిందో సరిగ్గా అదే, కొత్త పెళ్ళికూతురి కళ్ళెదుట జరుగుతోంది. ఆ పిల్ల బెదిరిపోయి లేచి రెండడుగులు వెనక్కి జరిగింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుండెల మీద పెట్టుకుంది.

తండ్రి జేబులోంచి తాళాలు తీశాడు. తల్లి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు నిండి ఉన్నాయి. తాళాల గుత్తి గోడకున్న మేకుకి తగిలించి, వచ్చి గువ్వ పక్కన నేల మీద చతికిలబడ్డాడు. వాషింగ్ మెషీను తిరిగే చప్పుడు నోటితో చేయడం మొదలుపెట్టాడు. గుర్ర్, గుర్ర్ మని, నెమ్మదిగా. గువ్వకి నిద్ర పట్టనప్పుడు చేసే చప్పుడు అది. తల్లి వెళ్ళి రెండో పక్కన కూర్చుంది. ఇస్త్రీ చీర నలుగుతోందన్న ధ్యాస లేదు. వెనకనుంచి గువ్వ వీపుకి తన వీపు ఆనించింది. అలా ఆనించడం గువ్వకి హాయి.

ఆ అరుపు తగ్గడానికి చాలాసేపు పట్టింది. తగ్గినా గువ్వ గుమ్మం వదల్లేదు. ఒంటి బూటుతో అక్కడే కూర్చుంది.

"ఇటు రాదు," అంది పెద్దది. "అది రాకపోతే మనమే అటు వెళదాం."

మిగతా కప్పులు దించి, గ్లాసుల్లో చల్లారిన టీ వెచ్చబెట్టి వాటిలో పోసుకొచ్చింది. ఆరుగురూ వీధి గుమ్మం దగ్గర, చెప్పుల స్టాండు పక్కన, నేల మీద ఇరుక్కుని కూర్చున్నారు. మరిది కాళ్ళు పొడుగు. ఎటు పెట్టినా ఎవరికో తగులుతున్నాయి. మన ఇంట్లో ఇంత మంచి చోటుందని నాకిన్నాళ్ళూ తెలియదు వదినా, చెప్పుల గాలి కూడా తగులుతోంది అన్నాడు. తల్లికి నవ్వొచ్చింది. నవ్వబోతే ఏడుపొచ్చింది. ఏది ముందొస్తే అది రానిచ్చింది.

గువ్వ చెయ్యి చాపి కొత్త పిన్ని పళ్ళెంలోంచి ఒక బిస్కెట్టు తీసుకుంది. వాసన చూసింది. మళ్ళీ ఆ పళ్ళెంలోనే పెట్టింది.

తల్లి చూపు ఆ బిస్కెట్టు మీదే ఉంది. కొత్త తోటికోడలు ఇంకా కాస్త బెరుకుగానే ఉంది, గువ్వ వైపు ఓరగా చూస్తూ, తన దుకాణానికి వచ్చే ఒక పిల్లవాడి సంగతి చెబుతోంది. పెట్టెలన్నీ మూతలు తీసి చూస్తేగానీ వాడు బూటు తొడగనివ్వడట. చెబుతూ చెబుతూ పళ్ళెంలోకి చెయ్యి పోనిచ్చి, చేతికి తగిలిన బిస్కెట్టు తీసి, టీలో ముంచింది. అదే బిస్కెట్టు. అది విరిగి కప్పులో పడిపోయింది.

"అయ్యో," అని, వేళ్ళతోనే దాన్ని పైకి తీసి నోట్లో వేసుకుంది. కాలిందని నాలుక బయటపెట్టింది. గువ్వ ఆ నాలుక వంక చూసి తనూ నాలుక బయటపెట్టింది.

తల్లి ముఖం మోకాళ్ళలో దాచుకుంది. ఒక పళ్ళెం జరిగిందని తను ఇన్నాళ్ళు కూతుర్ని జరిపింది. పళ్ళెం జరపనివాళ్ళు కూడా ఈలోగా ఎంతమంది వచ్చి వెళ్ళారో. వాళ్ళెవరికీ గువ్వ కనబడనేలేదు.

వాళ్ళు వెళ్ళేటప్పుడు కొత్త తోటికోడలు గువ్వ కాలి బూటు తనే విప్పింది. లోపలి అంకె చూసి, ఇది చిన్నదైపోయిందక్కా, వేళ్ళు ముడుచుకుంటోంది అంది. తల్లికి ఆ మాట కూడా గుచ్చుకుంది. పంపేయడానికి ఇన్నిసార్లు తొడిగిన బూట్లు కాలికి సరిపోతున్నాయో లేదో తను చూడలేదు.

తలుపు వేసి వచ్చి, తల్లి ఫోను తీసింది. టీచరు నంబరు నొక్కింది. పొద్దున నోట్లో సూదులున్నప్పటికంటే ఇప్పుడే మాట్లాడటం కష్టంగా ఉంది. భర్త, పెద్దది దగ్గరే ఉన్నారు. వాళ్ళ ఎదుటే చెప్పాలనుకుంది.

"టీచర్ గారూ, నేను పొద్దున మీకు అబద్ధం చెప్పానండీ. అది అమ్మమ్మ ఇంటికి కాదు."

అంతా చెప్పింది. టీచరు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. నేను తెలియక చప్పట్లు కొట్టానమ్మా అప్పుడు అని మాత్రం అంది. నేర్చుకున్నది ఒక్కరోజులో పోదని, రేపు కప్పులు చూసినా గువ్వ మళ్ళీ బూట్లు తెచ్చుకుంటుందని, ఎల్లుండీ తెచ్చుకోవచ్చని చెప్పింది. అయినా కప్పులు దించుతూనే ఉండాలని, తలుపు తెరవకుండా పక్కన కూర్చోవాలని చెప్పింది. తల్లి సరేనంది. తర్వాత, రేపు సాయంత్రం మీరు మా ఇంటికి టీకి రావాలండీ అంది.

ఫోను పెట్టేసి వంటగదిలోకి వెళ్ళింది. కడిగిన పూల కప్పుల్ని పై అరలో పెట్టలేదు. స్టీలు గ్లాసుల పక్కన, గువ్వ చేతికందే అరలో బోర్లించింది. గువ్వ వచ్చి ఒక్కొక్క కప్పూ వాసన చూస్తూ, గుమ్మం వైపోసారి, అమ్మ వైపోసారి చూస్తోంది. చేతిలో బూట్లు లేవు. అలా అని చూపులోని అనుమానమూ పోలేదు.

"వినండి అందరూ," అంది తల్లి. "రేపు పొద్దున మనం నలుగురం ఈ కప్పుల్లోనే తాగుతున్నాం. ఎవరూ రారు, మనమే. అది బూట్లు తెచ్చుకుంటే మీరు తాళాలు తీయకండి, దాని పక్కన కూర్చుని తాగండి. సాయంత్రం టీచరుగారు వస్తారు. అప్పుడూ అంతే. నువ్వు కాలేజీ నుంచి వచ్చేటప్పుడు ఒక కార్డు చేయించుకురా. బల్ల దగ్గర కుర్చీలో గువ్వ కూర్చున్న ఫోటో. పొద్దున టీ తాగేటప్పుడు తీద్దాం. కప్పుల పక్కన అంటించడానికి దానికి ఇంకో కార్డు కావాలి."

"కుర్చీలో కూర్చోకపోతే?" అంది పెద్దది.

"గుమ్మం దగ్గర తీద్దాం," అంది తల్లి. "పక్కన మనందరం పడేలా."